తోకబండి బావ

“బావా, నువ్వు చచ్చేదాకా నా షెడ్డులోనేనా?”

అడిగింది సొంత బావమరిది. మంచి ఉద్దేశంతోనే అడిగి ఉండవచ్చు. కాని ఇద్దరు కస్టమర్ల ముందు, చేతిలో టీ గ్లాసు పెట్టుకుని, సైలెన్సరు కింద వెల్లకిలా పడుకున్న మనిషిని అడగవలసిన ప్రశ్న కాదది. పడుకున్నవాడు బోల్టు బిగించడం ఆపలేదు. “పదమూడో నంబరు స్పానరు ఇలా ఇవ్వరా,” అన్నాడు. బావమరిది వంగి ఇచ్చాడు. షెడ్డుకి ఓనరైనా పనిలో ఇప్పటికీ శిష్యుడే. అతనికి ప్లగ్గు విప్పడం నేర్పింది ఈ బావే. తర్వాత శిష్యుడు లోను తెచ్చి షెడ్డు వేశాడు. గురువు పనిచేసే దుకాణం మూతపడితే, “రెండు నెలలు ఇక్కడ కూర్చో బావా, తర్వాత చూద్దాం,” అని పిలిచాడు. ఆ రెండు నెలలకి ఇది తొమ్మిదో ఏడు.

ఓనరు బావా అంటాడు కాబట్టి పనివాళ్ళూ బావా అన్నారు. పనివాళ్ళు అంటున్నారు కదా అని కస్టమర్లూ మొదలుపెట్టారు. తండ్రి వయసున్న పెద్దమనుషులు కూడా “బావగారూ, బ్రేకు కీచుమంటోంది” అంటారు. ఒక్క పెళ్ళితో ఇంతమందికి బావ అయినవాడు ఇంకొకడు ఉండడు. అసలు పేరు కరెంటు బిల్లు మీద కూడా లేదు. అది భార్య పేరు మీద ఉంది.

బావకి కావలసింది సొంత షెడ్డు పెట్టుకోడానికి ఒక గది. మంగలి షాపు పక్కన, మెట్ల కింద, పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. షట్టరు ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి, దింపాలంటే ఒకడు చాలు. గది వాళ్ళు ముప్ఫై ఆరు వేలు అడ్వాన్సు అడిగారు, నెలాఖరు దాకా ఆగుతామన్నారు. బావ భార్య వచ్చి గదిని కాళ్ళతో కొలిచింది. “ఇక్కడ గల్లా. ఇక్కడ నీ పనిముట్లు. ఇక్కడ మా తమ్ముడొస్తే కూర్చోడానికి కుర్చీ.”

“వాడికి కుర్చీ ఎందుకు, టైరు చాలు,” అన్నాడు బావ.

సరిగ్గా అప్పుడే పళ్ళ డాక్టరు షెడ్డుకి వచ్చాడు. ఆయన నాయకత్వంలో ఏడు మోటారుసైకిళ్ళు నాలుగు రోజులు కొండల్లో తిరిగి, మూడు కనుమ దారులు దాటాలని సంకల్పం. వెనక ఒక మెకానిక్ కావాలి. గుంపులో చివరి బండి అతనిది. ఎవరినీ దాటకూడదు, ఎవరు ఆగితే వాళ్ళ దగ్గర ఆగాలి. దీన్ని వాళ్ళు ‘తోకబండి’ అంటారు. కూలి ముప్ఫై ఆరు వేలు. ముందు సగం, తర్వాత సగం.

ముప్ఫై ఆరు అనగానే బావ చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కాసేపు గాల్లోనే ఉండిపోయింది.

అయితే ఒక షరతు ఉంది. ఏడు బండ్లూ మూడు కనుమలనీ తమ చక్రాల మీదే దాటాలి. ఒక్క బండి లారీ ఎక్కినా రెండో సగం ఉండదు. ఈ షరతు రాసింది గుంపు ఖజానా చూసే ఆడిటరు. అరవై మూడేళ్ళవాడు, రిటైరై అయిదేళ్ళు. ఉద్యోగం వదిలింది గాని ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. అందరూ సరదాకి వెళ్ళే యాత్రకి పదకొండు పేజీల నియమావళి తయారుచేశాడు. హోటలు దిండు పోతే ఎవరు కట్టుకోవాలో కూడా అందులో ఉంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించడం కాదు, ఆ మూడింటికీ రసీదు చూపించే రకం.

మిగతావాళ్ళలో టైల్స్ దుకాణం అన్నదమ్ములు ఇద్దరు, కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరమ్మ ఒకరు. ఇంకో ఇద్దరు ఎప్పుడూ ఫొటోల్లో ఉండేవారు, మాటల్లో ఉండేవారు కాదు. వాళ్ళని వదిలేద్దాం.

ఇలాంటి యాత్రల గురించి రాసేవాళ్ళు కొండల్లో మనిషి తనని తాను తెలుసుకుంటాడని రాస్తారు. మొదటి రోజు ఎండలో బయల్దేరి, పదిన్నరకి వానలో తడిసి, పన్నెండుకి వడగళ్ళు తిని, రెండింటికి మళ్ళీ ఎండలో ఆవిర్లు కక్కుతూ మొదటి కనుమ దాటినవాళ్ళు తెలుసుకున్నది ఒక్కటే: రెయిన్‌కోటు విప్పితే వాన వస్తుంది, తొడుక్కుంటే పోతుంది. టైల్స్ తమ్ముడు ఆ ఒక్క పూటలో దాన్ని తొమ్మిదిసార్లు తొడుక్కుని తొమ్మిదిసార్లు విప్పాడు. “నువ్వలా విప్పకుండా ఉండరా బాబూ, మేమంతా పొడిగా ఉంటాం,” అని అన్న దణ్ణం పెట్టాడు.

వెనక ఉండేవాడికి ప్రకృతి కనపడదు. ఏడు వీపులు కనపడతాయి. ఏ వీపు భయపడుతోందో, ఏ వీపు డబ్బా కొడుతోందో బావ మొదటి రోజు మధ్యాహ్నానికే చెప్పగలిగేవాడు. ఆడిటర్ వీపు నిటారుగా, నియమావళి అట్టలా ఉండేది. కాని మలుపుల దగ్గర ఆయన వెనక దీపం అందరికంటే ఆలస్యంగా వెలుగుతోంది. బ్రేకు ఆలస్యంగా పడుతోందన్నమాట.

ఆ సాయంత్రం ఆడిటర్ వచ్చి, “క్లచ్ చాలా టైటుగా ఉందయ్యా. చూడు,” అన్నాడు. బావ కేబులుకి నూనె పట్టించాడు. రెండో రోజు పొద్దున మళ్ళీ వచ్చాడు. “ఏం చేశావు నువ్వు? అలాగే ఉంది.” బావ రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. వెన్నలా దిగింది. ఇంకోసారి నూనె వేశాడు. మెకానిక్ అన్నాక కస్టమరు తృప్తి కోసం ఒక చుక్క నూనె ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

రెండో కనుమ పొగమంచులో దాటారు. అవతల టీ దుకాణంలో ఆడిటర్ గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించి తాగడం బావ చూశాడు. చలికి అందరూ అలాగే తాగుతారు. కాని గ్లాసు చల్లారిపోయాక కూడా ఆయన అలాగే పట్టుకున్నాడు. తర్వాత ఖర్చుల పుస్తకం తీసి లెక్చరరమ్మ ముందు పెట్టి, “నేను చెప్తాను, మీరు రాయండమ్మా,” అన్నాడు. ఆ పుస్తకాన్ని కట్టుకున్న భార్యని కూడా ముట్టుకోనివ్వని మనిషి.

బావకి లెక్క తేలిపోయింది. బిగుసుకున్నది కేబులు కాదు, చేతులు.

వెళ్ళి పళ్ళ డాక్టరుతో చెప్పాడు. “సార్, ఆడిటర్ గారి చేతుల్లో పట్టు లేదు. రేపటి కనుమ మూడింట్లోకీ నిటారు. దిగేటప్పుడు ఆయన ఆపలేరు.”

డాక్టరు నవ్వాడు. “బావా, నువ్వు బండ్ల సంగతి చూడు. మనుషుల రిపేరు నీకెవరు అప్పజెప్పారు?”

“మీరు డాక్టరు కదా సార్, మీరే చూడండి.”

“నాది పళ్ళ వరకే,” అన్నాడు డాక్టరు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “ఆయనకి ఈ మాట చెప్పగలిగేవాడు ఇంకా పుట్టలేదు. చెప్పినవాణ్ణి పదకొండు పేజీలతో కొడతాడు,” అన్నాడు.

బావ చెప్పగలిగేవాణ్ణి వెతకడం మానేశాడు.

మూడో రోజు పొద్దున బస ముందు వాకిట్లో అందరూ బండ్ల మీద కూర్చున్నారు. పైన ఎలా ఉందని బస యజమానిని అడిగితే, “పైకి వెళ్తే తెలుస్తుంది,” అన్నాడు. సన్నగా మంచు రాలుతోంది. కొండ సగం నుంచి పైకి లేదు, ఎవరో తుడిచేసినట్టు. ఇలాంటప్పుడు వాళ్ళది ఒక పద్ధతి. నోటితో వాదించుకోకుండా హారన్లతో ఓటు వేస్తారు. ఒకసారి కొడితే వెళ్దామని, రెండుసార్లు కొడితే ఆగుదామని. తోకబండికి ఓటు లేదు, అది కూలి తీసుకునే బండి.

డాక్టరు ఒకటి కొట్టాడు. అన్నదమ్ములు చెరొకటి. లెక్చరరమ్మ రెండు కొట్టింది. ఫొటోలవాళ్ళు ఒక్కొక్కటి. ఆడిటర్ బొటనవేలు హారను మీద పెట్టాడు. చప్పుడు రాలేదు. ఇంకోసారి పెట్టాడు. తర్వాత ఒంగి, మోచేతితో పొడిచాడు. ఒక్క హారన్! ఆయన జోకు వేశాడనుకుని అందరూ గొల్లుమన్నారు.

బావ నవ్వలేదు. “సార్, క్లచ్ ఒక్కసారి చూస్తాను,” అని బండిని బస వెనక పెరట్లోకి తోసుకెళ్ళాడు.

బాగుచెయ్యని బండిని బాగుచేశానని చెప్పే మెకానిక్కులు ఊరికి నలుగురుంటారు. బాగున్న బండిని పాడుచేసి, పాడైందని చెప్పాల్సి రావడం బావకి అదే మొదలు. అలవాటు లేని పని కావడంతో మరీ జాగ్రత్తగా చేశాడు. పట్టుకారుతో క్లచ్ కేబులులో ఒక్కొక్క పోగూ కోసి, రెండు పోగులు మాత్రం మిగిల్చాడు. నొక్కగానే అందరి ముందూ తనంతట తానే తెగినట్టుండాలని. ఆ రెండు పోగులూ పద్దెనిమిది వేలని అతనికి తెలుసు. గది, గల్లా, కుర్చీ అన్నీ ఆ తీగకే వేలాడుతున్నాయి.

బండి తెచ్చి ఇచ్చాడు. ఆడిటర్ కూర్చుని క్లచ్ నొక్కాడు.

తెగలేదు.

మళ్ళీ నొక్కాడు. పళ్ళు బిగించి, మెడ నరాలు లేచేలా నొక్కాడు. రెండు పోగులు! చిన్నపిల్ల లాగినా తెగాల్సినవి. తెగలేదు. బావ తల తిప్పుకుని కొండవైపు చూశాడు. అక్కడ చూడడానికేమీ లేదు.

“ఏమిటండీ ఆలస్యం?” అని డాక్టరు వచ్చి, ఆడిటర్ చేతి మీద తన చెయ్యి వేసి ఒక్క నొక్కు నొక్కాడు. టక్కుమంది.

“తెంపేశారుగా!” అన్నాడు ఆడిటర్.

“నేనా?”

“మరి నేనా? ఇంతసేపూ నా చేతిలో బాగానే ఉందిగా!”

పావుగంట పోట్లాడుకున్నారు. ఆ పావుగంటలోనే బావ ఈ మోడలుకి తన దగ్గర ఇంకో కేబులు లేదని చెప్పాడు, ఎవరూ అతని మొహం వైపు చూడలేదు. “పోనీ నా వెనక కూర్చోండి అంకుల్,” అని టైల్స్ తమ్ముడు అన్నాడు. “నేనేమన్నా సామానునా?” అని ఆడిటర్ గర్జించాడు. చివరికి ఖాళీ గ్యాస్ సిలిండర్లు తీసుకెళ్ళే లారీ ఒకటి దొరికింది. అది కనుమ ఎక్కదు, లోయ చుట్టూ తిరిగి అవతలి ఊరికి వెళ్తుంది. బండి సిలిండర్ల మధ్యకి ఎక్కింది. దాన్ని తాళ్ళతో కట్టింది బావే. ఆడిటర్ ముందు సీట్లో కూర్చుని, లారీ కదులుతుండగా కిటికీలోంచి అన్నాడు: “షరతు గుర్తుందిగా?”

“గుర్తుంది సార్.”

ఇక్కడ కొండచరియ విరిగిపడాలి. లేదా కనీసం ఒక మంచు తుఫానైనా రావాలి. నీతికథలు ఇష్టపడేవాళ్ళకి క్షమాపణలు. తొమ్మిదింటికి మబ్బు విడిపోయింది. పదింటికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఆరు బండ్లూ, వెనక తోకా, ఎండలో ఈలలు వేసుకుంటూ మూడో కనుమ ఎక్కి దిగాయి. అంత మంచి వాతావరణం ఆ సంవత్సరంలో ఆ కనుమ మీద ఇంకే రోజూ లేదని కిందివాళ్ళు చెప్పారు. దిగేటప్పుడు ఒక మలుపు మాత్రం ఉంది. తారు తడిగా, నేల ఏటవాలుగా, చివర గోడ లేకుండా. డాక్టరు కూడా అక్కడ నాలుగు వేళ్ళతో బ్రేకు పట్టి, కాలు కింద పెట్టాడు. బావ ఆ మలుపు దగ్గర ఏడో వీపు కోసం చూశాడు. లేదు. దాటి వెళ్ళిపోయాడు.

లారీ అయిదు గంటలు ఆలస్యంగా వచ్చింది. దారిలో రెండు టైర్లు పోయాయట. జాకీ తిప్పుతుంటే టార్చి పట్టుకునే పని ఆడిటర్‌కి పడిందట, అది కూడా చేతిలోంచి రెండుసార్లు జారిందట. ఆ కోపమంతా నియమావళి తెరిచి తీర్చుకున్నాడు. “నాలుగో పేజీ. ఒక్క బండి లారీ ఎక్కినా…”

డాక్టరు బూట్ల వైపు చూశాడు. “రూలు రూలే కదా,” అన్నాడు. అన్నదమ్ములు ఏకకాలంలో దాహం వేసి లేచారు.

“సరే సార్,” అన్నాడు బావ.

బయట లెక్చరరమ్మ అతన్ని ఆపింది. “మొన్న పంక్చరు కిట్టు కోసం మీ డబ్బా తెరిచాను. అందులో కొత్త క్లచ్ కేబులుంది.”

“ఉంది.”

“ఆయన బండిదే.”

“ఆయనదే.”

“ఎందుకు బావగారూ? ఆయన మీద జాలా?”

“జాలేమిటమ్మా,” అన్నాడు బావ విసుగ్గా. “పడితే ఎత్తాల్సింది వెనక ఉన్నవాడే కదా. బండి రెండొందల కిలోలు. దాని కింద ఆయన. ఆ పైన పదకొండు పేజీలు.”

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే బావకి డబ్బు రాదు సరికదా, కేబులు కోసినందుకు ఇంకో పేజీ తయారవుతుంది. రెండు నెలలకి ఆడిటర్ బండి అమ్మేశాడు. చేతుల మాట ఎత్తలేదు. ఒక అజాగ్రత్త మెకానిక్ వల్ల మోటారుసైకిళ్ళ మీద మనసు విరిగిందని అందరికీ చెప్పుకున్నాడు. ఇప్పుడు గేర్లు వాటంతటవే మారే కారులో తిరుగుతున్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. మొత్తం కథలో ఎవరికైనా అచ్చంగా లాభం వచ్చిందంటే ఆయనకే.

ఇంటికెళ్ళి జరిగింది చెబితే భార్య మాత్రం ఊరుకోలేదు. “తీగముక్క కోసి గది పోగొట్టుకున్నావా? ఆయన నీకు మేనమామా, పెదనాన్నా?” అని మూడు రోజులు అడిగి, నాలుగో రోజు తమ్ముడికి చెప్పేసింది. తమ్ముడు షెడ్డులో స్టూలు మీద కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. “డాక్టరు చేత తెంపించావా బావా!” అని తొడ చరుచుకుని మళ్ళీ నవ్వాడు. నెలాఖరుకి రెండు రోజుల ముందు పద్దెనిమిది వేలు తెచ్చి బావ జేబులో కుక్కాడు.

“ఇదేమిట్రా?”

“పో బావా, నీ గదికి పో. నువ్విక్కడే ఉంటే రేపు నా కస్టమర్ల కేబుళ్ళు కూడా కోస్తావు. నాకు పిల్లలున్నారు.”

“అప్పేనా ఇది?”

“మరి కట్నమనుకున్నావా? నెలనెలా ఇవ్వు.”

షట్టరు మొదటిరోజు ఇద్దరూ కలిసి ఎత్తారు. ఇప్పుడు పక్కనున్న మంగలి సాయం పడతాడు, అతనూ బావా అనే పిలుస్తాడు. బావ నెలనెలా కడుతూ ఏడు వేలు తీర్చాడు. బావమరిదికి ఇంకా పదకొండు వేలు ఇవ్వాలి.