ముత్తక్క కాలి మీది చుక్కలు

ముత్తక్క చెయ్యి వణకదు. ఆ మాట చుట్టుపక్కల గూడేల్లో ఎవరినడిగినా చెప్తరు. నలభై ఏండ్లుగా ఆడోళ్ల ముంజేతుల మీద పచ్చబొట్లు పొడిచిన చెయ్యి అది. ఇబ్బందంతా కళ్లతోనే వచ్చింది. కుడికంట్లో పొర కమ్మితే భద్రాచలం దవాఖానాల ఆపరేషన్ చేసిండ్రు. చూపైతే వచ్చింది గానీ, సూది మొన మాత్రం ఒకటి రెండుగా కనపడుతుండె.

"ఇగ చాలమ్మా," అన్నడు కొడుకు జంపయ్య. సారపాక కాగితం మిల్లుల కాంట్రాక్టు పని అతనిది. "ఎవరిదన్న చెయ్యి చీము పడితే ఊరంతా మన మీదికొస్తది. మెషిన్ తోటి పొడిచేటోళ్లు లేరా?"

"మా అమ్మ నాకు నేర్పిన చుక్కల వరసలు ఆ మెషిన్‌కు ఎవరు నేర్పిండ్రు?" అన్నది ముత్తక్క.

తెల్లారి ఇప్పపూలు ఏరబోయి వచ్చేసరికి సూదుల డబ్బా లేదు. వాగుల పారేసిన అని జంపయ్యే చెప్పిండు. ముత్తక్క కొడుక్కి బువ్వ పెట్టి డ్యూటీకి పంపింది. ఆనక సంతకు నడిచిపోయి కుట్టుసూదుల ప్యాకెట్ తెచ్చుకున్నది. మూడు సూదుల మొనలు ఒక్కతీరుగ పెట్టి దారంతోటి బిగించింది. దీపం మసిని గుంటగలగరాకు పసరుతోటి నూరింది. ఇంటి ముందు ఎండల కూసొని, చీర మోకాలి దాకా జరిపి, తన ఎడమ కాలి మీదనే పొడుసుకునుడు మొదలుపెట్టింది.

పది చుక్కల్లో మూడు పక్కకు పోయినయి. "ముసలిదానికి పిచ్చి లేసింది," అని దారిన పోయేటోళ్లు నవ్విండ్రు. పుండు మానేదాక ఆగి, దాని కింద ఇంకో వరస పొడిచింది. ఈసారి ఒక కన్ను మూసి చూస్తే, రెండుగా కనపడే మొన ఒక్కటైంది. జంపయ్య డ్యూటీల ఉన్నప్పుడే పొడుసుకుంటే, వానలు పడేనాటికి నాలుగు వరసలు అయినయి. నాలుగో వరసల ఒక్క చుక్క తప్పలేదు.

మబ్బు విడిచిన ఒకనాడు నాగలక్ష్మి వచ్చింది. ముత్తక్క గూడెం పిల్లనే, పెనుబల్లి దిక్కు ఇచ్చిండ్రు. తల్లి ఎండకాలంల పోయింది.

"పెద్దమ్మా, మా అమ్మ చేతి మీద నువ్వు పొడిచిన తేలు నాకు కావాలె. అచ్చం అట్లనే."

ముత్తక్క కాలు ముందుకు చాపింది. "మీదికెల్లి కిందికి చూడు. నమ్మకం కుదిరితేనే కూసో."

నాగలక్ష్మి వంగి, ఒక్కో వరసను వేలితోటి తడిమింది. చాప మీద కూసొని చెయ్యి చాపింది.

తేలు ఒళ్లు అయిపోయి తోక మిగిలినప్పుడు జంపయ్య డ్యూటీ దిగి వచ్చిండు.

"ఎవరిచ్చిండ్రే నీకు ఆ సూదులు?"

"నేనే కట్టుకున్న. ఇవి గూడ పారెయ్యి, మళ్ల కడత. ఎన్నిసార్లు పారేస్తవో నేనూ చూస్త."

"ఉన్న చూపు గూడ పోతే?"

"పోయిన్నాడు ఆపుత. నువ్వు చెప్పిన్నాడు కాదు. ఎండకు అడ్డమొచ్చినవ్, జరుగు."

జంపయ్య పక్కకు జరిగిండు. తోక కొన వంచేటప్పుడు నాగలక్ష్మి పండ్లు బిగబట్టింది.

ఇప్పుడు ముత్తక్క ఎండ ఉంటేనే సూది పడతది, రోజుకు ఒక్కరికే. ఒకరికి వాడిన సూదులు ఇంకొకరికి ముట్టియ్యదు. జంపయ్యకు ఇప్పటికీ ఇష్టం లేదు. బువ్వ కాడ కూసున్నప్పుడల్లా గొణుగుతడు. గొణగనీ అని ఆమె ఇంకింత పప్పు కలుపుకుంటది.