డొల్ల లేని గిటార్

ఆదిలాబాద్ నుంచి కరీంనగర్ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో తువ్వాలు చుట్టిన ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. విరిగిన మంచం టేకు పట్టెలను అతికించి ఇంట్లోనే చెక్కాడట. నిద్రలో మా పాప తల దాని మీద వాలితే నేను కంగారుపడి తల కింద చెయ్యి పెట్టాను. "ఉండనియ్యి చెల్లె" అన్నాడు.

ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర ఒక ఖాకీ మనిషి బస్సెక్కి తువ్వాలు విప్పించాడు.

"టేకు దుంగకు తీగలు గట్టి దాటిస్తున్నవా? గిటారైతే లోపల డొల్ల ఉంటది గద!"

"గిది కరెంటుది సార్. డొల్ల ఉండది."

"అయితే వాయించు."

పాప తల జరపకుండానే వాయించాడు. కరెంటు లేని ఆ తీగల చప్పుడు ఇంజను మోతలో కలిసిపోయింది. బస్సంతా నవ్వింది. పాప తల కింద ఉన్న నా చేతికి మాత్రం చెక్క వణుకు తెలిసింది.

"మోగలే. దిగు."

లారీల కొద్దీ అడవి తరలిపోతే ఎవరికీ కనబడలేదు, ఒక మంచం పట్టె పట్టుబడింది! పసిపిల్లతో ఉన్నాను, నాకెందుకని ఊరుకున్నాను.

దిగుతూ పెద్దాయన అడిగాడు: "మోగినట్టు నీకు తెల్సింది గద చెల్లె?"

తలూపాను. ఆ తల ఖాకీ మనిషి ముందు ఊపితే నా సొమ్మేం పోయేది?