ఉమ్మడి జాబితాలో నా ఆరో తరగతి

ఆ రోజుల్లో మా చిత్తూరింట్లో పిల్లలకు కథలు చెప్పేవాళ్లు లేరు, తీర్పులు చెప్పేవాళ్లే ఉండేవాళ్లు. మా నాయన వకీలు గుమాస్తా. సాయంత్రం కాళ్లు కడుక్కుని కూర్చున్నాడంటే ఢిల్లీలో కొత్తగా పెట్టిన పెద్ద కోర్టు సంగతి మొదలుపెట్టేవాడు. తెల్లదొరలు చేసిన కొత్త చట్టంలో దేశంలోని పనులన్నీ మూడు జాబితాలుగా పంచారట. ఢిల్లీవి కొన్ని, మద్రాసు లాంటి రాష్ట్రాలవి కొన్ని, ఇద్దరికీ ఉమ్మడివి కొన్ని. ఏది ఎవరిదని తగువొస్తే ఆ కోర్టు తేలుస్తుందట. "మనింట్లో మీయవ్వ ఢిల్లీ, నేను మద్రాసు" అని గొంతు తగ్గించి చెప్పేవాడు. (అమ్మ ఏ ఊరో ఎవరూ చెప్పలేదు.)

నాకు ఐదో తరగతి అయ్యేసరికి తగువు రానే వచ్చింది. ఆరో తరగతి బడి రైలు గేటు అవతల. నాయన పంపుదామన్నాడు.

"గేటు దాటి ఆడపిల్ల యాడికి పోతాదిరా? ఈడ బియ్యం ఏరేదానికి మనిషి లేదు" అంది అవ్వ.

"రెండేండ్లు సదవనీలేమ్మా."

"నువ్వు పోయి నీ కాగితాలు సూసుకోపో."

నాయన పోయి కాగితాలు చూసుకున్నాడు.

నేను ఊరుకుంటానా? ఆయన పారేసిన కాగితం వెనక మా ఇంటి పనులన్నీ మూడు జాబితాలుగా రాశాను. ఊరగాయ జాడీలు, దేవుడి గది తాళం, పెళ్లిమాటలు అవ్వవి. సైకిలు, లాంతరు, మా బట్టలు నాయనవి. నా చదువు దగ్గర ఆగి, బాగా ఆలోచించి (ఆలోచించడమే కొంప ముంచింది) ఉమ్మడిలో వేశాను. ఇద్దరి చేతిలో ఉంటే ఒకరు వద్దన్నా ఇంకొకరు సరేనంటారని నా ఆశ. నాయన పనిచేసేది ఏ వకీలయ్య దగ్గరో, ఆయన ఆదివారం కాగితాల కట్ట కోసం మా ఇంటికి వస్తే, కాఫీతోపాటు ఆ అర్జీ కూడా చేతికిచ్చాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివారు. నాయన వైపు ఒకసారి చూశారు.

"బాగా రాసినావు పాపా. అయితే నువ్వు రాసిందాని ప్రకారం, ఉమ్మడి జాబితాలో ఢిల్లీ ఒకటి, మద్రాసు ఒకటి చెప్తే ఢిల్లీ మాటే చెల్లుతాది. చట్టం అట్లుండాది."

"సూసినావా, సదువుకున్నోళ్లు గూడా నా మాటే అంటా ఉండారు" అంది తలుపు చాటునుంచి అవ్వ. "అయ్యకు ఇంకో లోటా కాఫీ ఇయ్యండి."

నాయన కాగితాల కట్టకు ఎర్రనాడా కడుతూ, వేసిన ముడినే విప్పి మళ్లీ వేశాడు.

ఇప్పుడు పలమనేరులో, అత్తగారింట్లో, బియ్యం ఏరుతూనే ఉన్నాను. ఢిల్లీలో కొత్త రాజ్యాంగం రాస్తున్నారట, మళ్లీ అవే మూడు జాబితాలట. మొన్న మా ఆయన పేపరు చదువుతుంటే, "సదువు యాడ యేసినారు?" అని అడిగాను.

"రాష్ట్రాల్లో. పాత చట్టంలో గూడా ఆడనే గదా ఉండేది" అన్నాడు.

చేట చేతిలోనే ఉండిపోయింది. అంటే ఆ రోజు దాన్ని సైకిలు పక్కన, లాంతరు పక్కన రాసి ఉంటే అవ్వకు దాని మీద మాటే లేదన్నమాట. వకీలు గుమాస్తాకు ఆ సంగతి తెలియకుండా ఉంటుందా? ఈసారి పుట్టింటికి పోయినప్పుడు నాయన్ని అడగాలనుకున్నాను. కానీ అవ్వ పక్కనే కూర్చుని ఉంటుంది. నేనడుగుతాను, నాయన ముడి వేసుకోవడానికి ఏదైనా వెతుక్కుంటాడు. పోనీలే, అడగను.