మగ్గం గుంజల్లో తుమ్మెదలు

కొత్తవాడలో నలభై ఏళ్లు జంపకానాలు నేసిన గుండయ్య, మోకాళ్లు సహకరించక పని మానుకున్న రోజుల్లో, కట్టెల వ్యాపారి ఆయన మగ్గాన్ని చూసిపోవడానికి రెండుసార్లు వచ్చాడు. గుండయ్య ఇవ్వలేదు. మడికొండలో మా కాలనీలో చిన్న ఇల్లు కట్టుకొని వచ్చినప్పుడు దాన్ని విప్పి ఆటోలో వేసుకొని తెచ్చాడు. నాలుగు టేకు గుంజలను ప్రహరీ పక్కన పాతి, అడ్డకర్రలు పైన పరచి, చిక్కుడు తీగకు పందిరి వేశాడు.

దాని చుట్టూ ఆయన పెంచినవి తంగేడు, గునుగు, జిల్లేడు, జనుము. మిగిలిన ఇళ్ల ముందు నర్సరీలో కొన్న క్రోటన్లు, కత్తిరించిన పచ్చిక ఉంటాయి. గుండయ్య వాకిలి మొదటిసారి చూసినప్పుడు అది నిర్లక్ష్యమని నేను కూడా అనుకున్నాను. పూలకు ఎన్ని రకాల ఈగలు, సీతాకోకచిలుకలు వస్తున్నాయో గమనించాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

రెండేళ్లు గడిచేసరికి తుమ్మెదలు వచ్చాయి. బొటనవేలంత నల్లని తుమ్మెదలు, గుంజల్లో గుండ్రని రంధ్రాలు తొలిచి, వాటిలోనే కాపురం పెట్టాయి. వినాయక చవితి వెళ్లిన వారం, పక్కింటి సంధ్యారాణి కాలనీ సంఘానికి ఫిర్యాదు రాసింది. ఆమె బడిలో ఉపాధ్యాయురాలు. ఆ గుంజలను పీకించి కాల్పించాలన్నది ఆమె కోరిక. సంఘానికి అధ్యక్షుణ్ణి నేను. ఇరుపక్షాలనూ వినకుండా ఉత్తర్వు ఇవ్వడం నాకు అలవాటు లేదు కాబట్టి ఇద్దరినీ ఆ పందిరి దగ్గరే కూర్చోబెట్టాను.

"సేఫ్టీ ఇష్యూ అంకుల్ ఇది," అన్నది సంధ్యారాణి. "గేటు తీస్తే చాలు, ముఖం మీదికే వస్తాంది. కుడితే దవాఖానకు ఎవరు తీస్కపోవాలె?"

"నలభై ఏండ్లు నేను కూసున్న మగ్గం సారు," అన్నాడు గుండయ్య. "నేను లేసిన, అవి కూసున్నయ్. ఖాళీ చెయ్యుండ్రని ఏ నోటితోని చెప్పాలె? అయినా అవి లేకుంటే జనుము కాయనే కాయది."

"ఎవరు చెప్పిండ్రు కాకా?"

"మా నాయిన చెప్పిండు. జనుప తాళ్లు పేనేటోడు."

"చెప్తే అయిపోయిందా? చూపియ్యి."

గుండయ్య భార్య శ్యామలమ్మ చాయ్ గ్లాసులు పెడుతూ అందుకున్నది. "జర గట్టిగ అడుగు బిడ్డా. పొద్దుగాల లేస్తే వాటి కాడికే పోతాండు. పోసిన చాయ్ రోజు సల్లగైతాంది."

నిర్ణయాన్ని డిసెంబరుకు వాయిదా వేశాను. పూత మీదున్న ఒక కొమ్మకు దోమతెర గుడ్డ సంచి తొడిగి తుమ్మెదలు రాకుండా చేయాలి, మరో కొమ్మను వదిలేయాలి, తర్వాత కాయలు పోల్చాలి అని ప్రతిపాదించాను. వెంటనే సంధ్యారాణి దానిలోని లోపం పట్టుకున్నది.

"కాయలు రాకుంటే గుడ్డ వల్ల రాలేదేమో? ఇంకో కొమ్మకు గూడ గుడ్డ కట్టాలె. దానికి రోజు ఒక గంట గుడ్డ తీసి, మళ్ల కట్టాలె."

ఆ అభ్యంతరం నాకు తట్టనందుకు కొంచెం సిగ్గుపడ్డాను.

"మంచిగనే ఉన్నది," అన్నాడు గుండయ్య. "నేనే తీసి కడ్త."

"నీ చేతికియ్యను కాకా. నేనే వస్త."

గుండయ్య రెండు సంచులు కుట్టాడు. ఎప్పుడూ విప్పకూడని కొమ్మకు ఎర్ర దారం కట్టాడు, రోజూ ఒక గంట విప్పే కొమ్మకు తెల్ల దారం. మూడో కొమ్మకు ఏమీ కట్టలేదు.

మొదటి సాయంత్రం సంధ్యారాణి తలకు చున్నీ చుట్టుకొని, చేయి వీలైనంత చాచి సంచి విప్పి, గేటు దాకా పరుగెత్తింది. శ్యామలమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. నాలుగో రోజుకు చున్నీ పోయింది. పదో రోజున ఆమె కుర్చీ తెచ్చుకున్నది. ముఖం మీదికి దూసుకువచ్చేది మగ తుమ్మెద అని, దానికి ముల్లే ఉండదని నేను పుస్తకంలో చూసి చెప్పాను. ఆడది కూడా చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదన్నాను.

"తెలుసు అంకుల్," అన్నది. "ఆ ముఖం మీద పసుప్పచ్చ మచ్చ ఉన్నోడు ఉత్తగ బెదిరిస్తాండు. మా హెడ్మాస్టర్ లెక్క."

డిసెంబరు మొదటి ఆదివారం కాయలు ఎండాయి. గుండయ్య మూడు కొమ్మలూ కోసి అరుగు మీద పెట్టాడు. ఆ మగ్గం ఉంటుందో కాలుతుందో ఆ పూటే తేలాలి. జనుము కాయ ఎండితే లోపలి గింజలు గలగలమంటాయి. ఏ దారమూ లేని కొమ్మను ఊపితే గజ్జెల్లా మోగింది. లెక్కిస్తే ఇరవై మూడు కాయలు. తెల్ల దారం కొమ్మకు పదకొండు. ఎర్ర దారం కొమ్మను ఊపితే చప్పుడే లేదు. దానికున్న ఒక్క కాయను విప్పి చూస్తే లోపల తాలు.

"మా నాయిన అబద్ధం చెప్పలే," అన్నాడు గుండయ్య మెల్లగా.

సంధ్యారాణి తల ఊపింది. నేను మాత్రం ఒక మాట చెప్పవలసి వచ్చింది. "ఈ కాయలు గుండయ్య మాటను రుజువు చేశాయి గానీ మీ ఫిర్యాదుకు జవాబు కావు. మీరడిగింది ప్రమాదం గురించి."

గుండయ్య ముఖం వాడిపోయింది.

"దానికి జవాబు వేరే ఉన్నది," అన్నాను. "మీరు ఇరవై ఆరు సాయంత్రాలు వాటికి మూరెడు దూరంలో ఉన్నారు. ఎన్నిసార్లు కుట్టాయి?"

ఆమె నవ్వింది. "అంటే నా ఫిర్యాదుకు నేనే సాక్షినా అంకుల్? ఒక్కసారి గూడ కుట్టలే. రాసుకోండ్రి."

గుంజలు ఉన్నచోటే ఉండవచ్చునని రిజిస్టరులో రాసి, ముగ్గురం సంతకాలు చేశాం. వెళ్తూ వెళ్తూ ఆమె గేటు దగ్గర ఆగింది.

"కాకా, వానకాలంల నేను గూడ జనుమేస్త. తుమ్మెదలు మా దిక్కు రావాలంటే ఏం చెయ్యాలె?"

గుండయ్య పందిరి మీద తీగ లేని పక్కనున్న అడ్డకర్రను దింపాడు. కట్టెల వ్యాపారి రెండుసార్లు వచ్చినా ఇవ్వని టేకు కర్ర అది. భుజాన వేసుకొని, కుంటుకుంటూ వెళ్లి ఆమె గేటు పక్కన నిలబెట్టి వచ్చాడు.

శ్యామలమ్మ ఖాళీ గ్లాసులు ఏరుతూ నాతో అన్నది: "చూసిండ్రా సారు. ఇగ ఆమె గేటు కాడ గూడ నిలబడ్తడు. రెండిండ్ల చాయ్‌లు సల్లగైతయ్."