తాళాల బావ ఎంచుకున్న సంఘం

మా బావ తాళాలు బాగుచేసేవాడు. మార్కెట్ వీధి మలుపులో, మందుల షాపు మెట్ల కింద మిగిలిపోయిన జాగాలో ఆయన కొట్టు. కొట్టు అనడం మర్యాద కోసమే, లేచి నిలబడితే తల తగిలేది. ఒక బల్ల, నాలుగైదు ఆకురాళ్ళు, గోడ నిండా మేకులకు వేలాడే, ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవులు. వీధి మొత్తానికి ఆయన తాళాలాయన. నాకు అక్క మొగుడు, అంటే ఎంత ఎగతాళి చేసినా చెల్లే మనిషి. ఆయన కూడా బావమరిదిని కదా అని నన్ను ఊరికే వదిలిపెట్టిన రోజు లేదు.

మా ఇద్దరికీ ఎప్పుడూ ఒకటే తగువు, డబ్బు ఎక్కడ దాచుకోవాలని. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. నా జీతం పెద్ద బ్యాంకులో పడేది. గాజు తలుపులు, చల్లగాలి, నంబరు చీటీ ఇచ్చే యంత్రం, అక్కడంతా దర్జా. బావ దాచుకున్నది వీధి చివర పరపతి సంఘంలో. పిండిమర పైన రెండు గదులు, ఒక సెక్రటరీ, ఒక క్యాషియరమ్మాయి, అంతే సంఘం. కింద మర తిరుగుతుంటే పైన బల్లల మీద పెన్నులు దొర్లేవి. మీ సంఘంలో నోటు తీసుకుంటే దులుపుకుని జేబులో పెట్టుకోవాలి బావా అని నేను వెక్కిరించేవాణ్ణి.

కొత్తగా నాలుగు డబ్బులు కళ్ళజూసిన రోజుల్లో ఆయన రెండు చోట్లకీ వెళ్ళి చూశాడట. పెద్ద బ్యాంకు గుమ్మంలో కాపలావాడు భుజాన ఉన్న ఇనప సామాను సంచి చూసి ఆపేశాడు. సంఘంలో అప్పటి సెక్రటరీ కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఎలాగూ వచ్చావు కదా, ఈ సొరుగు పట్టేసింది, కాస్త చూసిపో అన్నాడట. సొరుగు తెరుచుకుంది, ఖాతా కూడా తెరుచుకుంది.

"నేను తియ్యలేని తాళం ఇంతవరకు చూడలేదురా. అందుకే తాళాన్ని నమ్మి డబ్బు పెట్టను, మనిషిని నమ్మి పెడతాను. మీ బ్యాంకులో నువ్వు చచ్చిపోయినా నీ నంబరే పిలుస్తూ ఉంటారు" అనేవాడు.

అది నిజమే, ఒప్పుకోక తప్పదు. ఆయన జ్వరంతో వారం పాటు కనబడకపోతే సెక్రటరీ పళ్ళు పట్టుకుని ఇంటికొచ్చాడు. నేనేమో నా సంతకం కలవలేదని నా బ్యాంకు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. ఆ సంగతి తెలిసి బావ నెలరోజులు నవ్వాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు.

తర్వాత ఆయనకు మతిమరుపు మొదలైంది.

ముందు మేం దాన్ని వయసు అనుకున్నాం. ఒకరి తాళంచెవి ఇంకొకరికి ఇచ్చాడు. కోసిన చెవినే మళ్ళీ కోసి పాడుచేశాడు. డాక్టరు చెప్పింది విన్నాక అక్క ఎవరికీ చెప్పొద్దని మా దగ్గర మాట తీసుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుంది అంది. తాళాలాయనకు మతి పోయిందని తెలిస్తే ఇంటి తాళం ఆయన చేతికి ఎవరిస్తారు? ఆ వీధిలో ఆయనకున్న ఆస్తల్లా నమ్మకమే. అందుకని కొట్టులో ఆయన పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కళ్ళు సరిగ్గా ఆనడం లేదండీ అని వచ్చినవాళ్ళకు చెప్పి, తనే పేరు రాసిన దారం ప్రతి చెవికీ కట్టేది.

సంఘానికి వెళ్ళేటప్పుడు ఇంకా కష్టం. అక్కడ అందరూ ఎరిగినవాళ్ళే, కుశలం అడగకుండా వదలరు. అందుకే పిండిమర దాకా నడిచేలోపు అక్క ఆయనకు పాఠం చెప్పేది. గళ్ళ చీర అమ్మాయి క్యాషియరు, వాళ్ళబ్బాయికి పరీక్షలు, ఎలా రాస్తున్నాడని అడుగు. సెక్రటరీకి నడుం నొప్పి, తగ్గిందా అను. బావ బుద్ధిగా తల ఊపి, పైకెళ్ళి అచ్చం అలాగే అడిగేవాడు. వాళ్ళు మురిసిపోయేవారు. ఈ వయసులో కూడా ఎంత జ్ఞాపకమో అని ఒకసారి నా ఎదుటే అన్నారు. అక్క నవ్వింది.

అక్క మోకాళ్ళు అరిగిపోయి చాలా కాలమైంది. ఆపరేషన్ కోసమే బావ ఏళ్ళ తరబడి సంఘంలో కూడబెట్టాడు. ఆపరేషన్ రోజు ఖాయం చేసుకోవడానికి అక్కను నేను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బావను మందుల షాపాయనకు అప్పజెప్పి, కాస్త కళ్ళు మండుతున్నాయట, చూస్తూ ఉండండి అని చెప్పింది అక్క. అప్పుడు కూడా అసలు సంగతి చెప్పలేదు.

మేం తిరిగొచ్చేసరికి కొట్టు మూసి ఉంది. మందుల షాపాయన బేరాల్లో పడి గమనించలేదట. ఊరంతా గాలించాం. చీకటి పడే వేళకు బస్టాండులో ఒక బెంచీ మీద దొరికాడు. ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడికి బయల్దేరావు బావా అంటే, "ఆసుపత్రికిరా. మీ అక్కకి ఆపరేషన్, డబ్బు కట్టాలి" అన్నాడు. చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే సంఘానికి వెళ్తే, ఆయన ముందురోజే ఖాతా ఖాళీ చేసి డబ్బు పట్టుకెళ్ళాడన్నారు. నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఉన్నదంతా అడిగితే ఇచ్చేయడమేనా, ఒక్కమాట ఇంటికి కబురు చెయ్యాలని తోచలేదా అని. క్యాషియరమ్మాయి గుడ్లనీళ్ళు కుక్కుకుని విన్నది.

"బాబాయిగారు పిన్నిగారి ఆపరేషన్ అన్నారండీ. అది నిజమే కదా. మా అబ్బాయి పరీక్షలు ఎలా రాస్తున్నాడని కూడా అడిగారు. పరీక్షలు అయిపోయి చాలా రోజులైంది. పెద్దాయన కదా, మర్చిపోయుంటారులే అనుకున్నాను. ఆయన డబ్బు ఆయన అడిగితే ఎందుకని నేనెలా నిలదీస్తానండీ?"

నా పెద్ద బ్యాంకులో అయితే ఆ రోజు సంతకం కలవలేదని తిప్పి పంపేవారు. ఇక్కడ ఎరిగిన మనిషని గౌరవించి చేతిలో పెట్టారు. ఆ ఎరిగిన మనిషి లోపల ఏం జరుగుతోందో మేం వాళ్ళకు తెలియనిస్తే కదా. తప్పు ఎవరిదంటే ఏం చెప్పను? ఆ డబ్బు ఏమైందో ఇప్పటికీ తెలియదు. పోలీసులు రాసుకున్నారు, అంతే.

అక్క ఏడవలేదు. నా కోసమే పట్టుకుని బయల్దేరాడురా అని మాత్రం అంది. ఆపరేషన్ ఆగిపోయింది.

కొట్టు ఇక నడవదని తేలిపోయింది. ఆ జాగా మందుల షాపాయనే తీసుకుని బావ పేరున చెక్కు ఇచ్చాడు. మిగిలిన ఆధారం అదొక్కటే. దాన్ని ఎక్కడ వెయ్యాలన్నది మళ్ళీ పాత తగువే, కాకపోతే ఈసారి వాదించడానికి బావ లేడు. గదిలో మంచం మీద కూర్చుని గొళ్ళెం వేస్తూ తీస్తూ ఉన్నాడు. అక్క కూతురు, మా మేనకోడలు, పెద్ద బ్యాంకే మంచిదంది, నేనూ తాళం వేశాను. వాళ్ళు డాక్టరు కాగితం అడుగుతారు, మనిషిని చూస్తారు, ఆ తర్వాత అక్క సంతకం లేకుండా పైసా కదలదు. సంఘంలో ఇంత జరిగాక మళ్ళీ అక్కడికేనా అన్నాం.

అక్క మా ఇద్దరి మాటా చివరిదాకా విన్నది.

"ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నీ పేరేంటి, ఇవాళ ఏ వారం అని అడుగుతారు. ఆయన చెప్పలేక నా వైపు చూస్తాడు. అది నావల్ల కాదు. చెప్పాల్సిందేదో నేనే చెప్తాను. ఆయన్నెరిగిన వాళ్ళకే చెప్తాను. ముందే చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

అలా సంఘాన్నే ఎంచుకుంది. సంఘంలో డాక్టరు కాగితం అక్కర్లేదు గానీ, ఒక సభ్యుడి ఖాతాకు రెండో సంతకం చేర్చాలంటే ఆ సభ్యుడు ఎదురుగా ఉండాలి, కారణం ఆయన ముందే చెప్పాలి. ఎవరి డబ్బు గురించీ వాళ్ళ వెనక మాట్లాడకూడదని అందరూ చేతులెత్తి పెట్టుకున్న నియమం అది.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. అక్క ఒక్కో మెట్టుకీ ఆగింది. బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆమె మోచెయ్యి పట్టుకుని, మెల్లగా, మెల్లగా అంటూ ఎక్కించాడు. దారిలో అక్క ఆయనకు ఏ పాఠమూ చెప్పలేదు. సెక్రటరీ కుర్చీలు వేశాడు. క్యాషియరమ్మాయి కూడా వచ్చి నిలబడింది. కింద మర ఆగేదాకా అక్క నోరు విప్పలేదు.

"ఆయనకి మతి పోతోందండీ," అంది బల్ల వైపు చూస్తూ. "చాలా రోజులైంది. నేనే దాచిపెట్టాను. డబ్బు తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు. ఇకమీదట ఆయనొక్కడూ వచ్చి అడిగితే ఇవ్వకండి."

సెక్రటరీ బావ వైపు చూడలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బావ మాత్రం ముందుకు వంగి అంతా శ్రద్ధగా విన్నాడు. జాలిగా నాలుక చప్పరించాడు.

"పాపం, ఎవరో గానీ ఎంత కష్టపడి దాచుకున్నాడో. మీరు చెయ్యాల్సింది చెయ్యండి, కానీ ఆయనకి తెలియనివ్వకండి. తెలిస్తే తట్టుకోలేడు" అన్నాడు సెక్రటరీతో.

సెక్రటరీ అలాగేనండీ అన్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ ఆమె వైపు తిరిగాడు. కొట్టుకొచ్చిన కొత్తవాళ్ళతో మాట్లాడే మర్యాదతో అడిగాడు.

"ఏడవకండమ్మా. మీరాయనకి ఏమవుతారు?"

అక్క కొంగు తీసి కళ్ళు తుడుచుకుంది.

"భార్యనండీ" అంది.