దేవసహాయం మాస్టారి స్కోరు

2008 జూన్. అమలాపురంలో మా బ్యాంకు శాఖలో లోన్ల సీటు నాది. ఆ రోజు నా ఎదురుగా కూర్చుని నిజం చెబుతున్న మనిషిని చూసి నవ్వాను. అది మొదటి తప్పు. ఆయన మెట్లు దిగి వెళ్ళాక ఒక ఫోను చేశాను. అది రెండోది, మొదటిదానికంటే పెద్దది.

ఆయన పేరు దేవసహాయం. రాజోలు వైపు ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. జీతం మా శాఖలోనే పడేది. సొంత ఊళ్ళో ఇల్లు కట్టుకుంటున్నారు. గోడలు లేచాయి, స్లాబు వెయ్యాలి. వేసవి మొదట్లో హౌసింగ్ లోను కోసం వస్తే కాగితాలు తిరగేసి, గవర్నమెంటు జీతం కాబట్టి ఇబ్బందేమీ ఉండదని నేనే చెప్పాను. ఆ మాట నమ్మి ఆయన సెంట్రింగు కట్టించారు. కాంక్రీటు గట్టిపడేదాకా కింద ఆనించి ఉంచే రేకులూ సరుగుడు బాదులూ అవి, అద్దెకు తెస్తారు. పైన ఇనప ఊచలు కట్టేసి ఉన్నాయి. వానలు పట్టుకునేలోగా కాంక్రీటు పడాలి.

ఈలోగా పై ఆఫీసు నుంచి కొత్త ఆదేశం వచ్చింది. ఇకమీదట ఏ లోనుకైనా ముందు క్రెడిట్ రిపోర్టు తీయాలి. అప్పట్లో మాకే అది కొత్త. ఎవరు ఏ బ్యాంకులో అప్పు తీసుకున్నా, ఏ క్రెడిట్ కార్డు వాడినా, వాయిదాలు ఎలా కట్టారన్నది బ్యాంకులు క్రెడిట్ బ్యూరోకి పంపుతాయి. బ్యూరో అదంతా ఒకచోట చేర్చి, మూడు వందలకీ తొమ్మిది వందలకీ మధ్య ఒక అంకె వేస్తుంది. అదే స్కోరు. అంకె పెద్దదైతే మాకు ధైర్యం, చిన్నదైతే అనుమానం.

మాస్టారి అంకె అడుగున ఉంది. కారణం ఒక క్రెడిట్ కార్డు, హైదరాబాదులో తీసుకున్నది. కొన్ని నెలలు మినిమమ్ డ్యూ మాత్రమే కట్టారు. అంటే బిల్లులో చిన్న ముక్క కట్టి, మిగతాది వదిలెయ్యడం. ఆ మిగిలినదాని మీద వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు, కట్టేశాం కదా అనుకుంటారు. తర్వాత అదీ మానేశారు. చివర 'రిటెన్ ఆఫ్' అని ఉంది. ఇక రాదనుకుని బ్యాంకు తన లెక్కల్లోంచి తీసేసిందని అర్థం. అప్పు మాఫీ అయిందని కాదు.

కబురు పెడితే మాస్టారు మర్నాడే వచ్చారు. కాగితం ఆయన వైపు తిప్పి, ఈ కార్డు సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివారు.

"ఇది నాది కాదండీ. మా చిన్నాన్నగారబ్బాయిదండి. హైదరాబాదులో ఉంటాడండి వాడు."

"మీ పేరే ఉంది కదండీ."

"ఆయ్. వాడి పేరూ దేవసహాయమేనండి. మా తాతగారి పేరు. మా నాన్నగారూ పెట్టుకున్నారు, చిన్నాన్నగారూ పెట్టుకున్నారు."

"ఇంటిపేరు?"

"ఒకటేనండి మరి."

"పుట్టిన తేదీ కూడా ఒకటే ఉందండీ ఇందులో. కవలలా?"

"కాదండి. నేను ఐదారు నెలలు పెద్ద. ఇద్దర్నీ ఒకే రోజు బళ్ళో వేసేరండి. మేస్టారు ఇద్దరికీ ఒకే తేదీ రాసేసేరు."

అప్పుడే నేను నవ్వాను. పక్క సీటు ఆయన తలెత్తి చూసేంత గట్టిగా.

"లెక్కల మాస్టారు కదా, లెక్క బాగానే కుదిర్చేరు," అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. కోపం తెచ్చుకోలేదు. కోపం రాకపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది. ఒకసారి అనుమానం పట్టుకుంటే ఇక ప్రతిదీ దానికే సాక్ష్యం చెబుతుంది. ఇస్త్రీ చొక్కా చూసి, కార్డు గీకి కొన్నదే అనుకున్నాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన ఈ జిల్లా దాటి పనిచెయ్యలేదని సర్వీసు సర్టిఫికెట్టు నా బల్ల మీదే ఉంది. బంధువుల అడ్రసు ఇచ్చి కార్డు తీసుకుని ఉంటాడని దానికీ ఒక జవాబు అల్లుకున్నాను. ఆయన పాన్ నంబరు మా దరఖాస్తులో ఉంది. రిపోర్టులో ఆ గడి ఖాళీగా ఉంది. ఈ మనిషీ ఆ మనిషీ ఒకరేనా అని తేల్చాల్సిన నంబరే అక్కడ లేదు. చూశాను, దాటేశాను.

"సెంట్రింగు అద్దె పెరిగిపోతందండి. ఏదో ఒకటి తేల్చి చెప్పండి," అని లేచారు మాస్టారు. తేలిపోయింది, లోను రాదనే చెప్పాను.

ఆ తర్వాత ఫోను. అప్పు అడిగినవాళ్ళ గురించి తెలిసినవారి దగ్గర గుట్టుగా వాకబు చెయ్యడం మా పనిలో ఒక పద్ధతి. అడిగి వినాలి, చెప్పకూడదు. నేను ఆయన హెడ్మాస్టరుకు ఫోను చేసి, వినడం మాని చెప్పాను. మీ లెక్కల మాస్టారికి హైదరాబాదులో ఎగ్గొట్టిన కార్డు ఉందండీ, కాస్త చూసుకోండి అన్నాను. మేలు చేస్తున్నానని కూడా అనుకున్నాను. పిల్లల పరీక్ష ఫీజులు వసూలు చేసి కట్టే పని ఏళ్ళ తరబడి దేవసహాయం మాస్టారిదే. ఆ వారంలోనే హెడ్మాస్టరు దాన్ని ఇంకొకరికి అప్పగించారని తర్వాత తెలిసింది. కారణం చెప్పలేదట. స్టాఫ్ రూములో చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

వానలు పట్టుకున్నాయి.

జులైలో కొత్తపేటలో మా మేనత్త మనవడి అన్నప్రాసనకు వెళ్ళాను. అత్తకు చూపు తగ్గింది. గుమ్మంలో చెప్పుల చప్పుడు విని, "ఎవర్రా అది, పొడుగు సత్తిబాబా, పొట్టి సత్తిబాబా?" అంది.

"పొట్టాణ్ణే అత్తా," అన్నాను.

అనేసి గుమ్మంలోనే నిలబడిపోయాను. మా తాత పేరు సత్యనారాయణ. నేనూ సత్యనారాయణనే, మా పెదనాన్న కొడుకూ సత్యనారాయణే. ఇంటిపేరు ఒకటే. నేను పుట్టింది మాఘమాసంలో. సర్టిఫికెట్టులో మాత్రం జులై ఒకటి, బళ్ళో చేర్చుకున్న మేస్టారు వేసిన తేదీ. ఇదంతా నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మాస్టారు చెప్పింది మా ఇంటి కథే. కథ కట్టాడని నవ్వాను.

ఆ పూట భోజనం దగ్గర నా గురించే ఇంకో సంగతి అర్థమైంది, అది ఇప్పటికీ మింగుడుపడదు. ఆ మాటే మా కులంవాడు, నాలుగెకరాల కొబ్బరితోట ఉన్నవాడు ఎవరైనా చెప్పి ఉంటే, ఔనండీ మా ఇంట్లోనూ అంతే అని ఉండేవాణ్ణి. దేవసహాయం మాస్టారి తాత మా వైపు చేలల్లో కూలికి వెళ్ళిన మనిషి, అది నాకు ముందు నుంచీ తెలుసు. మిషన్ బడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. తాత పేరు నిలబెట్టుకోవడం మా ఇళ్ళకే ఉన్న ముచ్చటని నేను లోపల్లోపల అనుకుంటున్నానన్నమాట. బ్యూరో యంత్రం తప్పు చూపించింది నిజమే. కానీ నా అనుమానం యంత్రం నుంచి వచ్చింది కాదు.

మర్నాడు సెలవు పెట్టి మాస్టారి ఊరు వెళ్ళాను. సెంట్రింగు విప్పేశారు. అద్దె భరించలేక రేకులు తిరిగి పంపించేశారట. ఊచలు తుప్పు పట్టి, ఆ ఎర్రనీళ్ళు గోడల మీద చారలు కట్టాయి. మాస్టారు పక్కనున్న పెంకుటింట్లో నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. నాదే తప్పని చెప్పాను. ఫోను సంగతీ చెప్పాను. అది ఆయన అప్పటికే ఊహించారు.

"తమ్ముడికి ఫోన్ చేసేనండి. పొరపాటైపోయింది అన్నయ్యా అని ఏడ్చేడు. వాడి కాగితాలు కూడా పంపించేడు. మీ దగ్గరికి తేవాలంటే కాళ్ళు రాలేదండి," అన్నారు.

ఆయన ముందు పెట్టిన కాగితాలు అన్నీ తెచ్చుకున్నాను. ఇద్దరి పదో తరగతి సర్టిఫికెట్లు, వాటిలో వేర్వేరు తండ్రుల పేర్లు, మాస్టారి పాన్ కార్డు. బ్యూరోకీ, కార్డిచ్చిన బ్యాంకుకీ డిస్ప్యూట్ రాశాను. అంటే ఈ ఖాతా ఈ మనిషిది కాదని అభ్యంతరం పెట్టడం. కార్డిచ్చిన బ్యాంకు ఒప్పుకుంటే తప్ప బ్యూరో తనంతట తాను ఏదీ మార్చదు. జవాబు వచ్చేదాకా ఉత్తరం మీద ఉత్తరం రాశాను. ఈలోగా రీజనల్ ఆఫీసుకు స్వయంగా వెళ్ళి, ఈ రిపోర్టు ఇద్దరు మనుషుల్ని కలిపేసిందనీ, ఈ లోనుకు నాది పూచీ అనీ నోటు రాసి సంతకం పెట్టాను. ఎదురుగా కూర్చున్న అధికారి నన్ను చూసిన చూపు నాకు తెలిసిందే. జూన్‌లో నేను మాస్టారిని చూసిన చూపు అది. ఆయనకి మీరేమవుతారని కూడా అడిగాడు.

లోను వచ్చింది. తుప్పు గోకించి, కొన్ని ఊచలు మార్పించి, క్రిస్మస్‌కి ముందు స్లాబు వేశారు.

ఆనాటి నుంచి ఏ దరఖాస్తు వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: మీ ఇంట్లో మీ పేరున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని. మన వైపు ఈ ప్రశ్నకు ఉన్నారనే జవాబు ఎంత తరచుగా వస్తుందో చెబితే నమ్మరు. చదివేవారికి కూడా అదే చెబుతాను. అప్పు అవసరం పడకముందే మీ రిపోర్టు తెప్పించుకుని చూసుకోండి. అందులో మీరు వాడని కార్డు కనిపిస్తే, మీ తాత పేరు ఇంకెవరు పెట్టుకున్నారో గుర్తు చేసుకోండి.

సరిచేసిన రిపోర్టు కొత్త సంవత్సరంలో వచ్చింది. కార్డు లేదు, అంకె పైకి లేచింది. పోస్టులో పంపకుండా స్కూలుకి పట్టుకెళ్ళాను. మాస్టారు వరండాలోకి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, మడిచి నా చేతికే ఇచ్చారు.

"నేనెవరో నాకు తెలుసు కదండీ. హెడ్మాస్టరు గారికి చూపించండి. ఆయనకి మీరే కదా చెప్పేరు."

ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. మాస్టర్లంతా స్టాఫ్ రూములో టీ తాగుతున్నారు, హెడ్మాస్టరు కూడా అక్కడే ఉన్నారు. ఆయన కుర్చీ చూపించారు గానీ నేను కూర్చోలేదు. జూన్‌లో మీకు ఫోన్ చేసింది నేనేనండీ అని మొదలుపెట్టి, దేవసహాయం మాస్టారు గుమ్మం దగ్గర నిలబడి వింటుండగా, నవ్విన దగ్గర నుంచీ మొత్తం చెప్పాను.