బాపు మర్యాదగా మాట్లాడిన రోజులు

మా బాపు సర్కారు బస్సు డ్రైవరు. మా వైపు నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం. మంథని నుంచి కరీంనగర్ దాకా హారన్ కన్నా ఆయన నోరే ఎక్కువ మోగేదని తోటి డ్రైవర్లు అనేవారు. ఇంట్లోనూ అంతే. చాయ్‌లో చక్కెర తక్కువైనా తిట్టేవాడు, ఎక్కువైనా తిట్టేవాడు.

రిటైరయ్యాక క్యాన్సర్ వచ్చింది. తెలిసేసరికే వెన్నెముకకు పాకింది. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి పాలియేటివ్ కేర్ వార్డులో చేర్చాం. జబ్బును నయం చేయలేకపోయినా నొప్పి లేకుండా చూసే వార్డు అది.

నర్సు వచ్చి అడిగేది. "తాతా, నొప్పి పదిలో ఎంతున్నది?"

"రెండో మూడో ఉంటది బిడ్డా. నువ్వు ఫికర్ చేయకు."

ఆ లెక్కకు మామూలు మాత్రలే ఇచ్చేవారు. చివరికి ఒక పొద్దున అవ్వ డాక్టరమ్మను ఆపింది.

"అమ్మా, ఈయనకు బాగ నొప్పున్నది."

"ఎట్లా తెలిసింది?"

"పెండ్లైనకాడి నుంచి తిట్టకుండ నీళ్లడగలే. ఇయ్యాల పొద్దుగాల 'జర నీళ్లిస్తరా' అని అడిగిండు."

డాక్టరమ్మ నవ్వలేదు. బాపు నడుము మీద మెల్లగా చేయి ఆనించింది. "ఏం కాదు తల్లీ" అన్నాడు బాపు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

ఆమె నొప్పి తగ్గడానికి తాగే మార్ఫిన్ మందు రాసింది. బాపు ఒప్పుకోలేదు.

"గది మత్తు మందు గదా. అలవాటైతది."

"కల్లు తాగినన్ని ఏండ్లు యాదికి రాలేదా?" అంది అవ్వ.

నొప్పికి, చెప్పిన కొలతలో తీసుకుంటే ఆ భయం అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది.

"అయితే నొప్పి లేసినప్పుడే తాగుత."

"బస్సు నడిరోడ్డు మీద ఆగినాక డీజిల్ కొట్టిస్తరా, డిపోలనే కొట్టిస్తరా?" అంది డాక్టరమ్మ.

బాపు ఆలోచించాడు. "డిపోలనే" అన్నాడు. అప్పటి నుంచి వేళకు తాగాడు.

కొలత సరిపడేలా రెండుమూడుసార్లు మార్చారు. ఆ తర్వాత ఆయనకు కంటి నిండా నిద్ర పట్టింది. పొద్దున్నే ఇడ్లీ నోట్లో పెట్టుకుని అవ్వ మీదికి లేచాడు. "ఇది ఇడ్లీనా, సున్నం ముద్దనా? చెప్తుంటే ఇనవడ్తలేదా నీకు?"

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి నడిచింది. ఏడుస్తోందేమోనని వెనకే వెళ్లాను. గోడకు ఆనుకుని నవ్వుతోంది.

నాలుగు రోజులకు వార్డంతా వినేలా ఇంకో ఫిర్యాదు. "నొప్పి పోయింది గని, పోవాల్సింది పోతలేదు."

ఈ మందుతో మలబద్ధకం మామూలేనని, అందుకే దానికీ మందు ఇచ్చామని డాక్టరమ్మ అంది. ఆ మందును ఆయన కిటికీలోంచి పారబోస్తున్న సంగతి అప్పుడు బయటపడింది. అవ్వ దగ్గరుండి తాగించింది. మర్నాడు శుభవార్తను కూడా ఆయనే అదే గొంతుతో వార్డంతటికీ చాటాడు. పక్క మంచాల వాళ్లు అభినందించారు.

నొప్పి అదుపులోకి వచ్చాక కారులో ఇంటికి తీసుకెళ్లాం. వెనక సీట్లో పడుకుని కూడా, కారు నడుపుతున్న మా తమ్ముడికి ప్రతి మలుపులోనూ గేరు మార్చమని చెప్పాడు. వానలు ముగిసేదాకా ఉన్నాడు. నొప్పి పెరిగినప్పుడల్లా ఫోన్ చేస్తే డాక్టరమ్మ మందు కొలత సరిచేసేది.

ఒక మధ్యాహ్నం అవ్వ తల దువ్వుతుండగా, ముఖంలో ఒక్క ముడత పడకుండా, వెళ్లిపోయాడు. ఆమె ఇంకా కాసేపు దువ్వుతూనే ఉంది.